కాలం చెల్లిన చట్టాలు: లాస్‌పేట నుంచి పది అనుభవ పాఠాలు

మాది యానాం. ఉద్యోగం కోసం పుదుచ్చేరి వచ్చి, చట్టాల ఫైళ్లు నడిచే సెక్షన్లలోనే పనిచేసి, లాస్‌పేటలో ఇల్లు కట్టుకుని ఉండిపోయాను. ఇప్పుడు సెక్రటేరియట్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లు, వకీళ్లుగా నమోదైన ఆడపిల్లలు ఏదో ఒక అనుమానం పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. అందరూ అడిగే మాట ఒకటుంది: “తాతగారూ, ఫ్రెంచివాళ్ల నాటివి, ఇంగ్లిషువాళ్ల నాటివి ఇన్ని చట్టాలు ఇంకా మోయడం దేనికి? ఒక్క సంతకంతో అన్నీ కొట్టేస్తే పోలేదా?”

కొట్టేయవలసినవి చాలా ఉన్నాయి. ఇప్పటికే ఆలస్యం చాలా అయింది. అయినా అది ఒక్క సంతకంతో తెమిలే పని కాదు. చట్టం చేసేటప్పుడు పెట్టే శ్రద్ధ కంటే తీసేసేటప్పుడు ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. చేసేటప్పుడు దానివల్ల ఎవరికి ఏం జరుగుతుందో ఊహించుకుంటాం. తీసేసేనాటికి దాన్ని నమ్ముకుని ఇల్లు కొన్నవాళ్లు, పెళ్లి చేసుకున్నవాళ్లు, దాని కింద కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు మన మధ్యే ఉంటారు. ఉద్యోగం నాకు నేర్పిన ఈ సంగతిని పది పాఠాలుగా విడదీసి రాస్తున్నాను.

1. జెండా మారినా చట్టం దానంతట అది మారదు

1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన ముగిసింది. అదే ఏడాది నవంబర్ 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగింటి పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పగింత ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలయ్యాయి. అది చట్టపరంగా ఖాయమైంది మాత్రం 1962 ఆగస్టు 16న. ఆ ఏడాదే పార్లమెంటు చేసిన పాండిచ్చేరి పరిపాలన చట్టం 4వ సెక్షన్‌లో ఒక మాట ఉంది: అప్పటికి అమల్లో ఉన్న చట్టాలన్నీ, అధికారం గల శాసనసభ వాటిని మార్చేదాకా లేదా రద్దు చేసేదాకా కొనసాగుతాయి. దేశం మొత్తానికి రాజ్యాంగం 372వ అధికరణం చెప్పేదీ ఇదే.

ఆ విధంగా 1880 మార్చి 12 నాటి ఫ్రెంచి డిక్రీయే స్వతంత్ర భారతంలోనూ మా ఊళ్ల పురపాలనకు ఆధారంగా నిలిచింది. 1973లో మున్సిపాలిటీల చట్టం, గ్రామ, కమ్యూన్ పంచాయతీల చట్టం చేసుకునేదాకా అదే నడిచింది. దీన్ని బానిసబుద్ధి అని తిట్టే పిల్లలున్నారు. రాత్రికి రాత్రి పాత చట్టాలన్నీ పోతే మర్నాడు పన్ను ఎవరు వసూలు చేయాలి, దస్తావేజు ఎవరు రిజిస్టరు చేయాలి? కొనసాగించడంలో తప్పు లేదు. కొనసాగించినవాటిని ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని పరిశీలించకపోవడం తప్పు.

2. ముందు జాబితా రాయండి, సంఖ్య చూసి మాత్రం మురిసిపోకండి

పుదుచ్చేరిలో చట్టాలు పొరలు పొరలుగా ఉన్నాయి. అడుగున ఫ్రెంచి డిక్రీలు. వాటి మీద 1963లో రాష్ట్రపతి రెగ్యులేషన్ ద్వారా, 1968లో చట్టాల విస్తరణ చట్టం ద్వారా వచ్చిన కేంద్ర చట్టాలు. ఆ పైన 1963 నుంచి మన శాసనసభ సొంతంగా చేసుకున్నవి. ప్రతి చట్టం కిందా నియమాలు, నోటిఫికేషన్లు, సర్క్యులర్లు. ఏ పొరలో ఏముందో రాసుకోకుండా పైపొరను తీస్తే, కింద ఉన్నది ఇంకా అమల్లో ఉందో లేదో చెప్పగలిగే మనిషి దొరకడు.

కేంద్రం ఈ జాబితా పని రెండుసార్లు గట్టిగా చేసింది. 1998లో పి.సి.జైన్ కమిషన్ 1,382 చట్టాలను రద్దు చేయమంది. 2014లో ఆర్.రామానుజం కమిటీ 1,741 చట్టాలను గుర్తించింది. 2015 నుంచి వరసగా రద్దు చట్టాలు వచ్చి పదిహేను వందలకు పైగా చట్టాలు పోయాయి. మంచి పని జరిగింది. అయితే అందులో 2016లో ఒకే చట్టంతో పోయిన 758 ద్రవ్య వినియోగ చట్టాలున్నాయి. ఏ ఏడాది ఖర్చుకు అనుమతి ఇచ్చాయో ఆ ఏడాది లెక్కలు ముగియగానే వాటి పనీ ముగిసిపోయింది. వాటి రద్దుతో పుస్తకం శుభ్రపడింది గాని సామాన్యుడి బతుకులో ఏ మార్పూ రాలేదు.

సర్టిఫికెట్ల నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకానికి బదులు స్వీయ ధ్రువీకరణ చాలునన్న నిర్ణయం చూడండి. దానికి ఏ చట్టాన్నీ రద్దు చేయలేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే పేదింటి పిల్లవాడు ఆకుపచ్చ సిరా పెన్ను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే అవస్థ తప్పింది. అలాగే 2023 జన విశ్వాస్ చట్టం 42 చట్టాల్లోని 183 నిబంధనల్లో, చిన్న చిన్న తప్పులకు ఉన్న నేరశిక్షలను తొలగించడమో తగ్గించడమో చేసింది. ఎన్ని చట్టాలు పోయాయన్నది కాదు, ఎందరికి ఊపిరి ఆడిందన్నది లెక్క వేయండి.

3. తేదీ చూడకుండా రద్దును చదవకండి

రద్దయిన చట్టం పూర్తిగా మాయం కాదు. 1897 జనరల్ క్లాజుల చట్టం 6వ సెక్షన్ ప్రకారం, రద్దుకు ముందే ఏర్పడిన హక్కు, బాధ్యత, శిక్ష, నడుస్తున్న కేసు, వేరే ఉద్దేశం కనబడితే తప్ప, చెక్కుచెదరవు. ఈ ఒక్క సెక్షన్ మనసుకు పట్టించుకోని ఉద్యోగి రద్దు ఫైలు ముట్టుకోకూడదు.

మా దగ్గర దీనికి నిత్యం ఎదురయ్యే ఉదాహరణ ఇంటి వాటాలు. ఫ్రెంచి కాలంలో ఇక్కడి హిందువులకు వర్తించిన ఆచార ధర్మంలో తండ్రి బతికున్నంతకాలం ఆస్తి మీద ఆయనదే పూర్తి అధికారం. కొడుక్కి పుట్టుకతో హక్కు లేదు. సరిహద్దు అవతల, మితాక్షర పాటించే కుటుంబాల్లో, పుట్టుకతోనే కొడుక్కి వాటా ఉండేది. 1963 అక్టోబర్ 1న హిందూ వారసత్వ చట్టం ఇక్కడికి వచ్చింది. కాబట్టి ముత్తాత ఆ ఏడాది సెప్టెంబరులో పోయాడా, నవంబరులో పోయాడా అన్నదాని మీద కూతుళ్ల వాటా లెక్కే మారిపోతుంది. అరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఆ తేదీ చుట్టూ వ్యాజ్యాలు వస్తాయి.

ఇంకో సంగతి. 1881 సెప్టెంబర్ 21 డిక్రీ కింద తమ కులమతాచార ధర్మాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర స్మృతి కిందికి వెళ్లిన కుటుంబాలున్నాయి. వాళ్లను రెనోన్సాంట్లు అంటారు. హిందూ వివాహ చట్టాన్ని ఇక్కడికి తెచ్చినప్పుడు అది వాళ్లకు వర్తించదని స్పష్టంగా రాశారు. ఫ్రెంచి చట్టం పాతదైపోయింది, తీసేయండి అనే ముందు, ఆ కుటుంబాల పెళ్లిళ్లు, వారసత్వాలు దేని మీద నిలబడి ఉన్నాయో చూడాలి.

4. పాతది తీసి, పక్కవాళ్లది కళ్లు మూసుకుని తెచ్చుకోకండి

పాత పన్ను ఏర్పాటు స్థానంలో కొత్తది కావలసి వచ్చినప్పుడు, 1965లో మన శాసనసభ మద్రాసు అమ్మకం పన్ను చట్టాన్ని తెచ్చుకుంది. తెచ్చుకున్న తీరే చిక్కు తెచ్చింది. ఇక్కడ అమల్లోకి వచ్చే రోజుకు మద్రాసులో ఆ చట్టం ఏ రూపంలో ఉంటే ఆ రూపంలో వర్తిస్తుందని రాశారు. అమలు తేదీ 1966 ఏప్రిల్ 1. ఈలోపు మద్రాసు శాసనసభ తన చట్టాన్ని సవరించింది. అంటే పుదుచ్చేరి సభ్యులు చూడని, చర్చించని మాటలు పుదుచ్చేరి వ్యాపారి మీద పన్నుగా పడ్డాయి. శామారావు కేసులో 1967లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని కొట్టేసింది. తన శాసనాధికారాన్ని మరొక సభకు పూర్తిగా వదిలేయడం చెల్లదని చెప్పింది.

రద్దు ఫైలు పెట్టేటప్పుడే దాని బదులు ఏం వస్తుందో పూర్తి పాఠం పక్కన పెట్టండి. ప్రతి వాక్యం మన సభ చదివి ఒప్పుకున్నదై ఉండాలి.

5. సరిహద్దు అవతల ఏముందో చూడండి

బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండాలన్నది. యానాం ఫ్రెంచివాళ్లది కనుక అక్కడ ఆ చట్టం లేదు. దాంతో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పసిపిల్లలను తీసుకుని యానాం వచ్చి పెళ్లిళ్లు జరిపించుకుని వెళ్లేవి. మా ఊరికి కల్యాణపురం అన్న పేరు అందుకే వచ్చింది. పేరు వినడానికి బాగుంటుంది గాని దాని వెనక ఉన్నది బడికి వెళ్లవలసిన ఆడపిల్లల బతుకులు.

ఒకచోట చట్టం లేకపోవడం కూడా మరొకచోట చట్టాన్ని నీరుగారుస్తుంది. పుదుచ్చేరి నుంచి యానాం ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. వాహనాల పన్ను, మద్యం సుంకం రెండు వైపులా వేరుగా ఉంటే జనం ఎటు కదులుతారో యానాంవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పుదుచ్చేరిలో ఒక నిబంధన ఎత్తేసే ముందు కాకినాడ, కడలూరు, కన్నూరు వైపు కూడా తలతిప్పి చూడాలి.

6. ఎవరూ వాడటం లేదు కదా అని వదిలేయకండి

లాస్‌పేటలో విమానాశ్రయం ఉంది. హెలిప్యాడ్ మైదానంలో సాయంత్రం పిల్లలు ఆడుకుంటారు. 1934 నాటి విమానాల చట్టం ఇచ్చిన నిర్వచనంలో గాలిపటం కూడా విమానమే. ఆ నిర్వచనం వల్ల ఏ పిల్లవాడికీ నష్టం జరగలేదు. ఆ చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది. ఇలాంటివి నిరపాయకరమైనవి.

అన్నీ అలాంటివి కావు. హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. వాళ్ల పేర్లు రిజిస్టరులో రాయాలి. ఆడవేషంలో బహిరంగంగా కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి విడిపోయింది. ఆ చట్టం మాత్రం ఒక పుస్తకంలోంచి మరో పుస్తకంలోకి మారుతూ తెలంగాణ దాకా వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తించిన తర్వాత కూడా అది పుస్తకంలోనే ఉంది. చివరికి 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

చాలాకాలం వాడుకలో లేక, దానికి విరుద్ధమైన ఆచారం స్థిరపడితే చట్టం చచ్చినట్టేనని 1995లో పుణె మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. దాన్ని నమ్ముకుని శాసనసభ ఊరుకోకూడదు. కోర్టుదాకా వెళ్లి ఆ మాట అనిపించుకోవడానికి పేదవాడికి డబ్బెక్కడిది, వయసెక్కడిది?

7. పేరు మార్చుకుని వచ్చిన పాత చట్టాన్ని గుర్తుపట్టండి

1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన ఎరుకలవాళ్లు, ఇంకా ఎన్నో సంచార జాతులు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేయించుకున్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. స్వాతంత్ర్యం వచ్చే సమయానికి మద్రాసు తన ప్రాంతంలో ఆ చట్టాన్ని తీసేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది పోయింది. ఆ తెగలు విముక్త జాతులయ్యాయి.

కాని వెంటనే రాష్ట్రాల్లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. కాగితం మీద అవి తెగను చూడవు, మనిషి చేసిన నేరాలను చూస్తాయి. స్టేషన్ రికార్డుల్లో, జైలు మాన్యువళ్లలో పాత చూపు మిగిలిపోయింది. 2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నియమాలను కొట్టేసి, విముక్త జాతులను పుట్టుక చూసి నేరస్థులుగా లెక్కగట్టడాన్ని తప్పుపట్టింది. తల్లి చట్టం పోయిన డెబ్బై రెండేళ్లకు ఆ తీర్పు అవసరమైంది. అందుకే రద్దు చేసినప్పుడు ఆ చట్టం నీడ పడిన మాన్యువళ్లు, స్టాండింగ్ ఆర్డర్లు, ఫారాలు అన్నీ అదే రోజు వెతికి తీయాలి.

8. పాతదంతా పనికిరానిది కాదు

ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపడానికి 1917లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వయసు చూసి తీర్పు చెప్పేవాళ్లు దీన్ని ముందే చెత్తలో వేస్తారు. ఆ చట్టం ఆలోచనలోంచే 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని బిగించారు. అదే మన ఏజెన్సీ జనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పడానికి ఈ రెగ్యులేషన్ ఆధారమైంది.

వ్యాపారానికి అడ్డు అన్న మాట వినపడగానే ఎవరి వ్యాపారానికి, ఎవరికి రక్షణ అని రెండూ అడగండి. నిబంధన బరువు మోసేవాడు వచ్చి మొరపెట్టుకుంటాడు. దాని నీడలో బతికేవాడికి అది తనను కాస్తోందని కూడా చాలాసార్లు తెలియదు, అతను మన గదిలోకి రాడు. అతని పక్షాన అడగవలసింది ఫైలు రాసే ఉద్యోగే.

9. అమలు చేయని చట్టాన్ని కాలం చెల్లినదనకండి

లాస్‌పేట ఉళవర్‌కరై మున్సిపాలిటీలో ఉంది. పుదుచ్చేరి ప్రాంతంలో 1968 తర్వాత స్థానిక సంస్థలకు ఎన్నికలు మళ్లీ జరిగింది 2006లో. నడుమ 1973 చట్టాలు వచ్చాయి, 74వ రాజ్యాంగ సవరణ వచ్చింది, ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరయ్యాయి. 2006లో గెలిచినవాళ్ల గడువు 2011లో ముగిసింది. ఆ తర్వాత పదేళ్లు దాటినా ఎన్నికలు లేవు. మా వీధిలో కాలువ పొంగితే వెళ్లి అడగడానికి ఓటు వేసి గెలిపించుకున్న కౌన్సిలరు లేడు, ఉన్నది అధికారే.

ఆ 1973 చట్టాల్లోని వార్డులు, కౌన్సిళ్లు, అధ్యక్షుల అధ్యాయాలు ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. వాడుకలో లేదన్న కొలబద్ద ఒక్కటే పెట్టుకుంటే రద్దు జాబితాలో మొదట చేరేవి ఇవే. నిజానికి ఇవి పనికిరానివి కావు, వీటికి పని చెప్పలేదు. కాలం దాటిపోయిన చట్టానికి రద్దు మందు. అమలు చేయని చట్టానికి అమలే మందు. రెండు జాబితాలూ వేరు వేరు కాగితాల మీద రాయండి.

10. రద్దు కౌంటరు దాకా చేరాలి

సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఆ తీర్పు చాలా ప్రచారం పొందింది. అయినా 2021లో, ఆ సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి అదే కోర్టు విస్తుపోయింది. కేసు రాసే కానిస్టేబుల్ చేతిలోని పుస్తకంలో ఆ సెక్షన్ అలాగే అచ్చయి ఉంటే ఢిల్లీ తీర్పు అతనికెలా తెలుస్తుంది?

గెజిట్‌లో అచ్చు వేయడంతో రద్దు పని పూర్తయిందనుకునే అలవాటు మానాలి. పాత ఫారం గుమాస్తా బల్ల మీదినుంచి పోవాలి. కంప్యూటర్‌లోని దరఖాస్తులో ఆ గడి తీసేయాలి. గోడ మీది బోర్డు మారాలి. మా యానాం విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 1965 అధికార భాషా చట్టం యానాంలో తెలుగు వాడకానికి చోటిచ్చింది. కాబట్టి ఏ నిబంధన ఎత్తేసినా యానాం పరిపాలనాధికారి కార్యాలయం గోడ మీద ఆ సంగతి తెలుగులో కనబడాలి. తమిళంలో లాస్‌పేట చదవాలి, మలయాళంలో మాహే చదవాలి. తనకు బరువు తగ్గిందని తెలియని మనిషి పాత బరువే మోస్తూ ఉంటాడు.

ఇక చివరి మాట. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలూ, మీ చేతికి రద్దు ఫైలు వస్తే నోట్‌లో మూడు ప్రశ్నలకు జవాబు రాయకుండా పైకి పంపకండి: ఇది పోతే ఎవరికి ఊరట, ఎవరికి నష్టం, ఇది పోయిందని ఎవరికి ఎలా చెబుతాం. కొత్త చట్టం ముసాయిదా వస్తే, ఫలానా ఏడాది దీన్ని తిరిగి పరిశీలించాలి అన్న వాక్యం అందులో ఉండేలా పట్టుబట్టండి. శాసనసభ కూడా ఈ పనిని ఎప్పుడో ఒకసారి చేసే పండుగలా కాక, ప్రతి ఏటా చేయవలసిన బాధ్యతగా పెట్టుకోవాలి.

పాఠకులకు నా విన్నపం. ఏ ఆఫీసులోనైనా మిమ్మల్ని పాత నిబంధన పేరు చెప్పి ఆపితే, ఏ చట్టం, ఏ సెక్షన్, ఇప్పటికీ అమల్లో ఉందా అని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. తాము పనిచేసే నియమాలు, మాన్యువళ్లు, ఆదేశాలు ఏవో ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తానే ప్రజల ముందు పెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ అమల్లో ఉంది. దాన్ని వాడండి.